గడప మీద నిలబెట్టని మనిషి

నిన్న మధ్యాహ్నం మా మనవరాలికి ఫోనొచ్చింది. రావడంలో తప్పేం లేదు. కానీ అది కీబోర్డు ముందు కూర్చుని, క్యాసెట్టులో విన్న ఏదో ఇంగ్లీషు పాట వాయిస్తూ, సరిగ్గా పాట ముగియబోయే చోట లేచి పరిగెత్తింది. ఇక ఒక్కసారి వేళ్ళు మోపితే అయిపోయేది. ఆ ఒక్కటీ మోపకుండా పోయింది. నేను పేపరు చదువుతున్నాననే అనుకున్నాను గానీ అరగంట సేపు ఒకే వార్త దగ్గర ఉండిపోయాను. ఫోను పెట్టేసి వచ్చినదాన్ని కేకలేశాను.

"ముందు ఆ పాటను ఇంట్లోకి తీసుకురా. తర్వాత ఎవరితోనైనా మాట్లాడుకో."

"ఇంట్లోకేంటి అమ్మమ్మా?"

"గడప మీద వదిలేసి పోయావు గదే!"

అది నన్ను వింతగా చూసి, మూడు వేళ్ళతో ఒకేసారి నొక్కింది. అమ్మయ్య అనిపించింది.

"వీటిని కార్డ్స్ అంటారు. ఈ పాటలన్నిట్లో ఉండేవి నాలుగే. వాటినే తిప్పి తిప్పి జనాన్ని ఏడిపిస్తారు, మళ్ళీ ఊరుకోబెడతారు. నీకెట్లా తెలుసు?" అంది.

నాకు నాలుగూ తెలుసు. ఇంగ్లీషు పేర్లు తెలియవు, తెలుగు పేర్లు తెలుసు. ఆ పేర్లు పెట్టినాయన మార్కాపురంలో మా ట్రైనింగు స్కూల్లో హార్మోనియం వాయించేవాడు. ఆయన సొంత పేరు కూడా నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. ఎవరైనా పేరడిగితే "నా పేరుతో నీకేం పని? పెట్టెతో గదా పని" అనేవాడు. మేమంతా మామ అనేవాళ్ళం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త అది. అప్పుడు మా జిల్లా కర్నూలే, రాజధానీ కర్నూలే. ఏ చిన్న ఆఫీసరు బడికి వచ్చినా రాజధాని నుంచి వచ్చినట్టే లెక్క. మా హెడ్‌మిస్ట్రెస్ గారు ముందురోజే వాకిలి రెండుసార్లు ఊడిపించేవారు. అంత హడావిడిలోనూ మామ మాత్రం నడి ఎండాకాలంలో రైల్వే వాళ్ళ నల్లకోటు తొడుక్కుని, సైకిలు గోడకు ఆనించి, కోటు అంచుతోనే హార్మోనియం పెట్టె మెట్లు తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఆ కోటుకు గుండీలు ఒక్కటీ లేవు. కుట్టించుకో మామా అంటే, "గుండీలు పెడితే గాలి ఎట్ల వస్తది?" అనేవాడు. అసలు కోటే ఎందుకు అంటే మాత్రం పెట్టె మూత తీసి వాయించడం మొదలుపెట్టేవాడు.

రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసినాయన. కొలిమి తలుపు తగిలి కుడిచేతి చివరి రెండు వేళ్ళు కాలిపోయి బిగుసుకుపోయాయి. ఉద్యోగం పోయింది. ఆ చేత్తో హార్మోనియం ఏం వాయిస్తాడని అడగొచ్చు. మా పాటల పంతులుగారూ అదే అడిగేవారు. హార్మోనియం అంటే పాడేవాళ్ళ వెంట పరుగెత్తాలి, గొంతు ఎటు తిరిగితే మెట్ల మీద వేళ్ళు అటు తిరగాలి. మామ వేళ్ళు పరుగెత్తవు. ఆయన ఎడమచేత్తో మూడు మెట్లు ఒకేసారి నొక్కిపెట్టి అక్కడే ఉండిపోయేవాడు, కుడిచేత్తో పాటలో ముఖ్యమైన స్వరాలు మాత్రం ముట్టుకునేవాడు. స్కూల్లో ఉన్నది ఎవరో దొరగారు ఊరొదిలి పోతూ ఇచ్చిపోయిన కాలితో తొక్కే పెట్టె కాబట్టి రెండు చేతులూ ఖాళీగా ఉండేవి.

"ఏమయ్యా, అమ్మాయి ఒక స్వరం పాడుతుంటే నువ్వు మూడు మోగిస్తావేం? ఇది సంగీతమా, సంతా?" అనేవారు పంతులుగారు.

"ఒంటిగా ఎందుకులే సామీ అని తోడు పంపించినా" అనేవాడు మామ, వినయంగా తల వంచి. ఆ వినయంలో నిజమెంతో పంతులుగారికి ఎన్నడూ తేలలేదు.

ఆ మూడేసి మెట్లకే ఆయన పేర్లు పెట్టుకున్నాడు. పాట మొదలయ్యేదీ చివరికి చేరేదీ ఇల్లు. పాట కాస్త బయట తిరిగొచ్చే చోటు పొలం. ఇంటికి ఒక్క అడుగు ఇవతల ఉండేది గడప. గడప వాయించి ఆగిపోయి మా ముఖాలు చూసేవాడు. మాకు కుర్చీలో ముళ్ళున్నట్టు ఉండేది. "ఏంది అట్ల నలగతాండారు? గడప మీద ఎవురన్నా నిలబడతారా? నిలబడితే మీ అమ్మ ఊరుకుంటదా?" అని నవ్వి, అప్పుడు ఇంట్లోకి తెచ్చేవాడు. నలభైమంది ఆడపిల్లలం ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళం.

నాలుగోది వెనక వాకిలి. అది ఆయన అరుదుగా వాయించేవాడు. ఇల్లు నొక్కిపెట్టి, అందులో రెండు వేళ్ళు అక్కడే ఉంచి, ఒక్క వేలు మార్చేవాడు. అంతే, గదిలో వెలుతురు తగ్గినట్టుండేది. "చూసినారా? ఇల్లు అదే. గోడలూ అవే. కాకపోతే ఆడోళ్ళు ఏడవాల్నంటే ముందు వాకిట్లో ఏడవరు గదా, ఎనక్కి పోతారు. ఇది ఆ ఎనక వాకిలి."

ఇది ఆయనకు ఎవరు నేర్పారంటే, దొనకొండలో ఉన్నప్పుడు ఇంజను నడిపే ఒక దొరగారి భార్య. నేర్పిందనడం కూడా పెద్దమాటే. దొరసాని ఇంట్లో పియానో ఉండేది. ఉద్యోగం పోయాక ఆ ఇంటికి బొగ్గు దింపే కూలికి పోయినప్పుడు ఈయన కిటికీ బయట నిలబడి వినేవాడు. ఆమె రోజూ ఒకటే పాట వాయించేది. భర్త బండి ఆలస్యమైన రోజు ఆ పాట వింటే ఏడుపొచ్చేదట. బండి ఈల వినపడిన రోజు అదే పాటకు నవ్వొచ్చేదట. "పాట మారిందేమో అని చెవి పెట్టి ఇన్నా. మారలా. పై చెయ్యి అదే పాట వాయిస్తాంది. కింది చెయ్యే, ఎడమది, వేరే చోట ఉంది. అప్పుడు తెల్సింది నాకు, ఏడిపించేదీ నవ్వించేదీ కింది చెయ్యే అని." ఒకనాడు ఆమె కిటికీలోంచి ఈయన్ని చూసి, లోపలికి పిలిచి, కాలిన చేతిని వదిలి ఎడమచేతిని మెట్ల మీద పెట్టి చూపించిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఎడమచేతిని కోటు జేబులో దాచుకునేవాడు.

ఆయనకున్న మరో పట్టుదల చెప్పాలి. పాట మధ్యలో గంట కొడితే మేము లేచిపోయేవాళ్ళం గానీ ఆయన లేచేవాడు కాదు. ఒక్కడే కూర్చుని, పొలంలోంచి గడపకూ, గడపలోంచి ఇంటికీ తెచ్చి, అప్పుడు మూత వేసేవాడు. ఒకసారి మేము అల్లరికి, ఆయన సైకిలెక్కి గేటు దాటబోతుండగా పెట్టె మీద గడప వాయించి వదిలేశాం. సైకిలు ఆగింది. అంత దూరం నుంచి వెనక్కి నడిచొచ్చి, మూడు వేళ్ళు మోపి, మూత వేసి, మళ్ళీ పోయాడు. మేము నోళ్ళు మూసుకుని నవ్వాం. అప్పటికి ఆయన నాకు నవ్వులాట మనిషే.

నా సంగతి చెప్పకపోతే ఆయన సంగతి తెలియదు. మాది దోర్నాల దాటాక అడవి అంచున గొర్రెలు మేపుకునే ఇల్లు. ఎనిమిదో తరగతి చదివించి పెళ్ళి చేశారు. మూడేళ్ళకు జ్వరంతో మా ఆయన పోయాడు. ఏడాది పిల్లను మా అమ్మ ఒళ్ళో పెట్టి, ట్రైనింగులో సీటొస్తే వచ్చి చేరాను. మా నాయన ఒకటే మాట అన్నాడు. "రెండేండ్లు. పాసైతే నీ బతుకు నీది. కాకపోతే మీ అన్న ఇంట్లో ఉండాల, ఆయమ్మ చెప్పినట్టు ఇనాల." ఆయమ్మంటే మా వదిన. ఆమె అప్పటికే నా కూతురికి గొర్రెపిల్లల కాపలా పని నిర్ణయించి పెట్టుకుంది. పాసైతే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టుంటే బడి, బడి ఉంటే ఎక్కడో ఒక గది, ఆ గదిలో నేనూ నా బిడ్డా. ఇంతే నేను కోరుకున్నది. లెక్కలూ తెలుగూ కుట్టుపనీ అన్నీ గట్టెక్కాను. పాట దగ్గర పోయింది.

పిల్లలకు నేర్పే పాట ఒకటి ఇన్‌స్పెక్టరు ముందు పాడాలి. పంతులుగారు నాకిచ్చింది, సాయంత్రం దొడ్డికి రమ్మని గొర్రెపిల్లను పిలిచే పాట. "రావే రావే చిట్టి గొర్రె, పొద్దు వాలిపోయెనే" అని మొదలవుతుంది. గొర్రెల పిల్ల గదా, బాగా పాడుతుందని ఇచ్చారు. వచ్చిన చిక్కంతా అక్కడే. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మందను పిలిచిన గొంతు నాది. మందను పిలిచేటప్పుడు గొంతు పైన ఎత్తుకుని చివర్న కిందికి జార్చాలి, అప్పుడే అవి తలెత్తుతాయి. పల్లవి చివరకు వచ్చేసరికి నాకు తెలియకుండానే గొంతు జారేది. పెట్టె స్వరం పైన ఉంటే నా గొంతు కింద ఉండేది.

"అమ్మాయీ, పాడుతున్నావా, తోలుతున్నావా?" అన్నారు పంతులుగారు. మొదటిసారి వచ్చిన ఇన్‌స్పెక్టరు 'శ్రుతి లేదు' అని రాసి పోయాడు. ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే సర్టిఫికెట్టు లేదు.

ఆ సాయంత్రం పాటల గదిలో బల్ల మీద తలపెట్టుకుని ఏడుస్తున్నాను. మామ పెట్టె మూత వేయడానికి వచ్చి నన్ను చూసి, ఓదార్చకుండా, "ఏదీ, పెట్టె లేకుండా పాడు" అన్నాడు. ముక్కు చీదుకుని పాడాను. మళ్ళీ పాడమన్నాడు. ఏడెనిమిది సార్లు పాడించుకున్నాడు, కళ్ళు మూసుకుని.

"ఎప్పుడూ ఒక్క చోటే దిగతాండావు. వాలిపోయెనే అన్న కాడ. దిగేది కూడా కొలిచినట్టు అంతే దిగతాండావు. ఇది తప్పు గాదమ్మీ. అలవాటు."

"అలవాటైనా పరీక్షలో తప్పే గదా మామా. ఎట్ల మానేది?"

"మానొద్దులే. పొద్దు వాలిపోయినాక గొంతు వాలితే ఏమైతది? నువ్వు యాడ దిగితే ఆడ ఇల్లు కడతా. భయపడాకు."

నిజంగానే కట్టాడు. నేను జారే చోటుకు ఆయన చెయ్యి ముందే జారేది. ఇంతకుముందు అపశ్రుతిగా వినపడిన నా గొంతు, కింద ఆ మూడు స్వరాలు పడగానే, ఉద్దేశంతో దిగినట్టు వినపడేది. చరణం ఆ కింది ఇంట్లోనే మొదలయ్యేది. వారం రోజులు రోజూ సాయంత్రం పాడాం. నాకు మొదటిసారి నా గొంతంటే సిగ్గు పోయింది. మోసం చేస్తున్నామేమో అని ఒకసారి అడిగితే కోప్పడ్డాడు. "ముసిలోడికి చెయ్యి ఇస్తే మోసమా? పాడేది నువ్వా నేనా?"

పరీక్ష రోజు కర్నూలు నుంచి ఈసారి ఒకావిడ వచ్చింది. తెల్ల చీర, గుండ్రటి కళ్ళద్దాలు, ముందు పెద్ద పుస్తకం. పక్కన పంతులుగారు. నా పేరు పిలిచారు. మామ కోటుతో మెట్లు తుడిచి ఇల్లు మోగించాడు. నేను మొదలుపెట్టాను.

రావే రావే అన్నాను. బాగానే ఉంది. పొద్దు వాలిపోయెనే అన్నాను.

దిగలేదు.

రెండేళ్ళుగా తిట్లు తిని, ఏడ్చి, మానుకోలేకపోయిన అలవాటు, ఆ ఒక్క రోజు, భయానికి గొంతు బిగుసుకుపోయి, ఠక్కున మానిపోయింది. పంతులుగారు ఎన్నాళ్ళుగానో కోరుకున్నట్టుగా పైనే నిలబడ్డాను. కింద మామ నన్ను నమ్మి ముందే దిగిపోయి ఉన్నాడు. కట్టిన ఇల్లు కింద ఉంది, నేను పైన గాల్లో ఉన్నాను. పెట్టెకూ నాకూ మధ్య స్వరం రంపంలా కోస్తోంది. పంతులుగారు చటుక్కున తలెత్తారు. ఆవిడ కలం పుస్తకం మీదికి పోయింది. నా కళ్ళ ముందు మా వదిన ముఖం కనపడింది, చేతిలో కర్రతో నా కూతురు గొర్రెపిల్లల వెనక పోతూ కనపడింది. నాకు ఆపడానికి ధైర్యం లేదు, దిగడానికి దారి తెలియదు. ఆ స్వరాన్నే పట్టుకుని వేలాడుతున్నాను.

మామ నా వైపు చూడలేదు. ఎడమచేతి రెండు వేళ్ళు మెట్ల మీద అక్కడే ఉంచి, ఒక్క వేలు మార్చాడు.

వెనక వాకిలి.

నా గొంతులో ఏమీ మారలేదు. అదే స్వరం, అదే వణుకు. కానీ కోత ఆగిపోయింది. ఇంతసేపూ తప్పుగా వినపడింది కాస్తా, పొద్దుపోయినా పిల్ల ఇంటికి రాలేదని వాకిట్లో నిలబడి పిలిచే తల్లి గొంతైపోయింది. అది నాకే వినపడింది. విని, నేనెవరిని పిలుస్తున్నానో నాకు తెలిసిపోయింది. చరణమంతా అట్లాగే, ఏడుపును పళ్ళ కింద పట్టుకుని పాడాను. మామ తొందరపడలేదు. చివర్న గడప దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు. నిలబెట్టి, నా ఊపిరి సర్దుకునేదాకా పెట్టె తొక్కుతూనే ఉన్నాడు. అప్పుడు ఇద్దరం కలిసి ఇంట్లోకి వచ్చాం.

ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"పిల్లల పాటలో ఇంత దుఃఖం ఎందుకమ్మా?" అంది.

మామే లేచి, "ఆకర్న ఇంటికి చేరింది గదమ్మా" అన్నాడు.

"చేరిందిలే" అని ఆవిడ నవ్వి, పుస్తకంలో రాసింది. పంతులుగారు మామ ఎడమచేతి వంక చూస్తూ కూర్చున్నారు. సంత అనలేదు.

బయటికొచ్చి కాళ్ళకు దండం పెట్టబోతే మామ గయ్యిమన్నాడు. ఆయనకు అంత కోపం రావడం అదే చూడటం.

"ఎందుకు దిగలా? దిగతావని గదా నేను ముందే పోయి కూకున్నా! ఇల్లు కట్టినాక మనిషి రాకపోతే కట్టినోడి గతి ఏంది?"

"గొంతు రాలేదు మామా, భయమేసింది."

"నీకు ఒక్కదానికేనా భయం? నా కాళ్ళు తొక్కేది మర్చిపోబోయినాయి" అని, కోటు అంచుతో ముఖం తుడుచుకుంటూ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కాసేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాం. అంత తేలిగ్గా నేను అంతకుముందు ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

త్రిపురాంతకం దగ్గర ఒక ఊళ్ళో ఉద్యోగం వేశారు. ఒక గది, ముందు చిన్న వసారా. సామాను సర్దుకుని, మా నాయనకు కబురు చేస్తే పిల్లను తీసుకొచ్చాడు. దానికి మూడేళ్ళు. మా అమ్మను అమ్మా అని పిలవడం అలవాటైంది, నన్ను అక్కా అంది. మా నాయన లోపలికొచ్చి చెంబు నీళ్ళు తాగుతున్నాడు. అది మాత్రం గడప మీదే నిలబడిపోయింది. రెండు చేతులా తలుపు పట్టుకుని, లోపలికి రాదు, బయటికి పోదు. బెల్లం చూపించాను. రాలేదు. మా నాయన గద్దించబోతే వద్దన్నాను. చేతులు పట్టి లాగడానికి నాకు మనసొప్పలేదు.

ఏం చేయాలో తోచక గది మధ్యలో చతికిలబడి, మెల్లగా పాడాను. రావే రావే చిట్టి గొర్రె. పెట్టె లేదు, పంతులుగారు లేరు, ఇన్‌స్పెక్టరు లేదు. వాలిపోయెనే అన్న చోట నా గొంతు నా మాట వినకుండా, ఎప్పటిలాగే, కిందికి జారింది. గొర్రెల దొడ్లో పెరిగిన పిల్లకు ఆ పిలుపు తెలియకపోతుందా? తలెత్తింది. తలుపు వదిలింది. వచ్చి నా ఒళ్ళో కూర్చుంది.

ఇదే పిల్ల మొన్న తన కూతురికి కీబోర్డు కొనిపెట్టింది.

మామ పోయిన కబురు నాకు ఏడాది ఆలస్యంగా అందింది. ఎట్లా పోయాడు, దగ్గర ఎవరున్నారు అని నేను అడగలేదు. పెట్టె మూత వేసి ఉందా అని అడగాలనిపించింది గానీ, చెప్పినాయన నన్ను పిచ్చిదనుకుంటాడని ఊరుకున్నాను. ఆయన్ని ఆఖరుసారి చూసింది, ఉద్యోగంలో చేరిన ఎండాకాలంలో. పిల్లను చంకనేసుకుని త్రిపురాంతకం నుంచి బస్సులో మార్కాపురం పోయాను. పాటల గదిలో పెట్టె ముందు ఒక్కడే ఉన్నాడు. అదే కోటు. పిల్ల బుగ్గ పుణికి, "ఇదేనా ఆ గొర్రెపిల్ల?" అన్నాడు. గడప మీద నిలబడిపోయిన సంగతీ, పాట పాడిన సంగతీ, వచ్చి ఒళ్ళో కూర్చున్న సంగతీ అంతా చెప్పాను. అంతా విన్నాక ఒకటే అడిగాడు.

"వాలిపోయెనే అన్న కాడ దిగినావా?"

"దిగినా మామా."

"ఆఁ" అన్నాడు. కాళ్ళతో రెండుసార్లు తొక్కి, ఎడమచేత్తో ఇల్లు నొక్కిపెట్టి, ఆ మోత దానంతటది ఆగిపోయేదాకా విని, మూత వేశాడు.